తీగ మాది, తప్పు ఎవరిది?

ఈ వ్యాసం రాయడానికి కారణం మా బాబాయి. సంచికకు ఏదైనా న్యాయశాస్త్ర విషయం మీద రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు మొదట ప్రాథమిక హక్కుల మీద రాద్దామనుకున్నాను. కాని నిరుటి వేసవి సెలవుల్లో మా ఇంట్లో జరిగిన ఒక సంగతి నన్ను వదలలేదు. పుస్తకంలో చదివిన సెక్షను ఒకటి మా వసారాలోకి నడిచివచ్చి కూర్చున్నట్టయింది. అందుకని దాన్ని గురించే రాస్తున్నాను. నేను చదివింది తక్కువ. పొరపాట్లుంటే మా లెక్చరర్లు దిద్దుతారని ధైర్యం.

మా బాబాయి కృష్ణా జిల్లాలో ఒక చిన్న పట్టణంలో కేబులు ఆపరేటరు. 1990ల్లో డాబా మీద డిష్షు పెట్టి, టీవీ కనెక్షన్లతో మొదలుపెట్టాడు. ఇప్పుడు ‘సి’ కేటగిరీ లైసెన్సు తీసుకుని ఇంటర్నెట్టు కూడా ఇస్తున్నాడు. దేశమంతటికీ ఇచ్చే లైసెన్సు ‘ఎ’, రాష్ట్రమంత మేరకు ఇచ్చేది ‘బి’, జిల్లా అంత మేరకు ఇచ్చేది ‘సి’. ఎనిమిది వందల కనెక్షన్లు, ముగ్గురు లైన్‌మెన్లు, ఒక గదిలో నాలుగు మిషన్లు – అదీ ఆయన కంపెనీ.

ఒకరోజు పొద్దున్నే పోలీసు స్టేషను నుంచి కబురొచ్చింది. ఇంటరు చదివే ఒక అమ్మాయి ఫొటోలను ఎవరో మార్చి, దొంగ ఖాతా తెరిచి, డబ్బు పంపకపోతే ఊరందరికీ చూపిస్తానని బెదిరిస్తున్నారు. ఆ ఖాతా వాడిన ఐ.పి. అడ్రసు మా బాబాయి కంపెనీది. “రాత్రి 10:40కి ఈ అడ్రసు వాడింది ఎవరో సాయంత్రంలోగా పేరు ఇవ్వండి” అన్నారు. బాబాయి రికార్డు తీసి చూస్తే, ఆ రాత్రి ఆ ఒక్క అడ్రసు వెనక నూట నలభై ఇళ్ళున్నాయి.

బస్టాండు వెనక గదుల్లో అద్దెకుంటున్న ఒక కుర్రవాడి మీద అందరికీ అనుమానం. ఒంటరిగాడు, ఎవరితోనూ కలవడు, రాత్రంతా లైటు వేసుకుని ఉంటాడు. “వాడి పేరు రాసిచ్చేయండి సార్, మిగతాది వాళ్ళే తేల్చుకుంటారు” అన్నాడు లైన్‌మాన్.

బాబాయి నా వైపు తిరిగి, “ఒరేయ్, వాడెవడో వెధవ పని చేస్తే నన్నెందుకురా స్టేషనుకు పిలుస్తారు? తీగ లాగడం నా పని. తీగలో ఏం పోతున్నదో నాకేం తెలుసు?” అన్నాడు. ఒక నిమిషం ఆగి, “అయినా ఆ పిల్ల మన పిల్లలాంటిదే గదరా. ఊరుకుంటే ఎట్లా?” అన్నాడు.

ఈ రెండు మాటల మధ్యనే ఉంది చిక్కంతా. ప్రపంచంలోని కోర్టులూ, శాసనసభలూ ముప్ఫై ఏళ్ళకు పైగా తలబద్దలు కొట్టుకుంటున్నది కూడా ఈ రెండు మాటల గురించే.

పోస్టుమాను, లాడ్జి యజమాని, సంత పెద్ద

బెదిరింపు ఉత్తరం తెచ్చి ఇచ్చినందుకు పోస్టుమానును ఎవరూ అరెస్టు చేయరు. కవరులో ఏముందో అతనికి తెలియదు. తెలుసుకోవడం అతని పనీ కాదు. పైగా కవర్లు విప్పి చదివే పోస్టుమాను ఉన్న ఊళ్ళో ఎవరుంటారు?

లాడ్జి యజమాని సంగతి కొంచెం వేరు. గదిలో ఏం జరుగుతున్నదో తొంగిచూడమని చట్టం ఆయనకు చెప్పదు. కాని వచ్చినవాడి పేరూ ఊరూ రిజిస్టరులో రాయమంటుంది. ఫలానా గదిలో నేరం జరుగుతున్నదని తెలిసిన తర్వాత కూడా అద్దె వసూలు చేసుకుంటూ కూర్చుంటే, అప్పుడాయన వట్టి యజమాని కాదు.

ఇహ సంత నడిపేవాడు. ప్రతి దుకాణం దగ్గరా ఆశీలు వసూలు చేస్తాడు. దొంగ సరుకు అమ్ముతున్నారని ఎవరైనా వచ్చి చెబితే, “నాకేం సంబంధం?” అనడానికి ఆయనకు నోరు రాదు.

ఇంటర్నెట్టులోనూ ఈ ముగ్గురూ ఉన్నారు. తీగ ఇచ్చేవారు మా బాబాయిలాంటి వారు. చోటు ఇచ్చేవారు, అనగా మనం రాసినవీ తీసినవీ తమ మిషన్లలో దాచిపెట్టేవారు, లాడ్జి యజమానుల వంటివారు. అమ్మకాలు, కొనుగోళ్ళు, పరిచయాలు జరిపించేవారు సంత పెద్దలు. మన దేశపు ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం, 2000 మాత్రం వీరందరినీ ఒకే మాట కింద చేర్చింది – మధ్యవర్తులు. 2(1)(డబ్ల్యు) సెక్షనులో టెలికాం కంపెనీల నుంచి సెర్చి ఇంజన్లు, వేలం సైట్లు, ఆఖరికి సైబర్ కేఫ్‌ల దాకా జాబితా ఉంది. మా బాబాయీ, గూగులూ చట్టం దృష్టిలో ఒకే కులం అన్నమాట! ఈ మాట చెబితే బాబాయి నవ్వాడు గాని, నిజం అదే.

పరదేశాల అనుభవం

మొట్టమొదటి గట్టి దెబ్బ జర్మనీలో తగిలింది. కంప్యూసర్వ్ అనే అమెరికా కంపెనీకి జర్మనీలో శాఖ ఉండేది. దానికి అధిపతి ఫెలిక్స్ సోమ్. ఆ కంపెనీ ద్వారా చూడగలిగే చర్చాబృందాలలో పిల్లల అశ్లీల చిత్రాలు ఉన్నాయని 1995లో పోలీసులు సోదా చేశారు. కంపెనీ భయపడి ఆ డిసెంబరులో దాదాపు 200 బృందాలను ప్రపంచమంతటా ఉన్న తన చందాదారులందరికీ మూసివేసింది. అయినా 1998 మేలో మ్యూనిక్ కోర్టు సోమ్‌కు రెండేళ్ళ శిక్ష వేసి, దాని అమలును నిలిపి ఉంచింది. విడ్డూరమేమంటే ప్రాసిక్యూషను వారే ఆయనను విడిచిపెట్టమని కోరారు. 1999 నవంబరులో అప్పీలు కోర్టు నిర్దోషిగా వదిలింది. ఆ బొమ్మలు ఆయన పెట్టినవి కావు, ఆయన మిషన్లలో ఉన్నవీ కావు. మా బాబాయి మొదటి మాటకు ఇంతకంటే తార్కాణం అక్కరలేదు.

అమెరికాలో చిక్కు మరో రూపంలో వచ్చింది. 1991లో న్యూయార్కులోని ఫెడరల్ కోర్టు, కంప్యూసర్వ్ తన దగ్గర జనం రాసేవాటిని పరిశీలించదు కాబట్టి పుస్తకాల దుకాణంతో సమానమనీ, బాధ్యత లేదనీ చెప్పింది. 1995లో ప్రాడిజీ అనే మరో కంపెనీ కేసులో ఆ రాష్ట్రపు కోర్టు, ఈ కంపెనీ బూతులూ తిట్లూ ఏరివేస్తున్నది కాబట్టి పత్రికా ప్రచురణకర్తతో సమానమనీ, బాధ్యత ఉన్నదనీ చెప్పింది. పర్యవసానం చూడండి. వీధి ఊడ్చినవాడు ముద్దాయి, కళ్ళు మూసుకున్నవాడు నిర్దోషి! ఈ అన్యాయాన్ని తప్పించడానికే 1996లో అమెరికా కాంగ్రెసు 230వ సెక్షను తెచ్చింది. ఇతరులు రాసినదానికి కంపెనీని ప్రచురణకర్తగా చూడరాదన్నారు. అయితే ఫెడరల్ క్రిమినల్ చట్టాల జోలికి ఆ సెక్షను పోదు. పిల్లల అశ్లీల చిత్రాలు తమ కంటబడితే అక్కడి కంపెనీలు పిల్లల రక్షణకోసం ఉన్న జాతీయ కేంద్రానికి తెలియజేయవలసిందే. వెతకమని బలవంతం లేదు, కనబడ్డాక దాచే వీలూ లేదు. ఈ తేడాను విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి.

శనివారం నుంచి సోమవారం దాకా

మన దేశంలో ఈ సమస్యను ఇంటింటికీ తెలిసేటట్టు చేసింది బాజీ డాట్ కామ్ కేసు. 2004 నవంబరు 27, శనివారం. ఒక విద్యార్థి ఆ వేలం సైటులో ఇద్దరు స్కూలు పిల్లల అశ్లీల వీడియోను అమ్మకానికి పెట్టాడు. ఆ సాయంత్రమే ఎవరో కంపెనీకి ఫిర్యాదు చేశారు. సోమవారం పొద్దున గాని దాన్ని తీసెయ్యలేదు. ఈలోగా కొన్ని కాపీలు అమ్ముడుపోయాయి. డిసెంబరులో కంపెనీ ముఖ్యాధికారి అవనీశ్ బజాజ్‌ను ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు. దేశమంతా గగ్గోలెత్తింది.

2000 నాటి చట్టంలోనే 79వ సెక్షను ఉంది. తనకు తెలియకుండా జరిగిందని గాని, తగిన జాగ్రత్త తీసుకున్నానని గాని రుజువు చేసుకుంటే రక్షణ ఉంటుందన్నది. కాని ఆ రక్షణ ఈ చట్టం కిందనున్న నేరాలకే. శిక్షాస్మృతి కింద పెట్టే కేసులకు లేదు. బజాజ్ మీది కేసు 2012లో సుప్రీంకోర్టులో కొట్టుడుపోయింది. కంపెనీని ముద్దాయిగా చేర్చకుండా అధికారిని ఒక్కడినే చేర్చడం చెల్లదన్న కారణం మీద పోయింది గాని, ఆ రెండు రోజుల ఆలస్యం ఒప్పో తప్పో తేలి కాదు.

నా మటుకు నాకు ఈ కేసులో ఉన్న అసలు పాఠం అరెస్టు కాదు. శనివారం సాయంత్రం చెప్పిన మాట సోమవారం పొద్దుట దాకా బల్లమీద పడి ఉండడమే. నేరం చేసేవాడికి ఆదివారం సెలవు లేదు గదా!

బజాజ్ అరెస్టు తర్వాత కంపెనీలు గొడవ పెట్టాయి. 2008లో చట్టాన్ని సవరించారు. 2009 అక్టోబరు 27 నుంచి అమలైంది. కొత్త 79వ సెక్షను ప్రకారం ఏ చట్టం కిందనైనా మధ్యవర్తికి రక్షణ ఉంది. అయితే షరతులున్నాయి. సమాచారాన్ని తాను పుట్టించకూడదు, ఎవరికి పంపాలో తాను నిర్ణయించకూడదు, మార్చకూడదు. తగిన జాగ్రత్త పాటించాలి. నేరంలో చేయి కలపకూడదు. విషయం నిజంగా తెలిసిన తర్వాత, లేదా ప్రభుత్వం తెలియజేసిన తర్వాత, వెంటనే తొలగించాలి.

తెలుగు గడ్డ మీద నుంచి వెళ్ళిన రెండు గొంతులు

ఈ తేదీ ఎంత ముఖ్యమో మన సికింద్రాబాదు కేసు చెబుతుంది. ఆస్బెస్టాస్ రేకులు తయారుచేసే విశాకా ఇండస్ట్రీస్, గూగుల్ వారి ఒక చర్చాబృందంలో 2008లో వచ్చిన రాతలు తమ పరువు తీశాయనీ, నోటీసు ఇచ్చినా తీసెయ్యలేదనీ సికింద్రాబాదు కోర్టులో క్రిమినల్ ఫిర్యాదు చేసింది. కేసు కొట్టివేయమని గూగుల్ ఇండియా హైకోర్టుకు పోయింది. 2011లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కాదంది. 2019 డిసెంబరు 10న సుప్రీంకోర్టు కూడా కాదన్నది. రాతలు 2009 సవరణకు ముందువి; అప్పటి 79వ సెక్షను పరువునష్టం నేరానికి అడ్డు రాదు; నిజానిజాలు విచారణలోనే తేలాలి అన్నది. పదేళ్ళు పట్టింది ఈ ఒక్క మాటకు.

రెండో గొంతు హైదరాబాదు నుంచి. ప్రజ్వల సంస్థకు చెందిన సునీతా కృష్ణన్, అత్యాచారాలను చిత్రించి వాట్సాప్‌లో తిప్పుతున్నారని 2015 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాసి, దానితో ఒక పెన్‌డ్రైవు జతచేశారు. కోర్టు దానినే పిటిషనుగా స్వీకరించింది. కంపెనీలనూ, ప్రభుత్వాన్నీ ఒకచోట కూర్చోబెట్టి, ఏం చేయవచ్చో కమిటీ వేసి అడిగింది. 2018లో ప్రారంభమైన జాతీయ సైబర్ క్రైం ఫిర్యాదుల పోర్టలు వెనక ఈ కేసు ఉంది. ఒక ఉత్తరం ఎంత దూరం పోతుందో చూడండి.

ఈ రెండు గొంతులూ ఒకే దిక్కుకు లాగేవి కావు. రేకుల కంపెనీ తన మీద వచ్చిన విమర్శను తీసెయ్యమన్నది. సునీతా కృష్ణన్ బాధితురాలి అవమానాన్ని ఆపమన్నారు. రెండింటికీ ఒకే మందు వేస్తే ప్రమాదం. డబ్బున్నవాడు ఒక నోటీసు పంపగానే ప్రతి విమర్శా మాయమైపోతే, ఇక పేదవాడి మాట ఎక్కడుంటుంది?

ఈ ప్రశ్నకే 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు సమాధానం చెప్పింది. ఆ ధర్మాసనంలో ఒకరు మన కృష్ణా జిల్లా వారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. తీర్పు రాసినవారు జస్టిస్ నారిమన్. 66ఎ సెక్షనును కొట్టివేసిన తీర్పుగా అందరికీ తెలుసు. 79వ సెక్షను గురించి చెప్పిన మాట తక్కువ మందికి తెలుసు. “నిజంగా తెలియడం” అంటే ఎవరో దారినపోయేవాడు చెప్పడం కాదు. కోర్టు ఉత్తర్వో, ప్రభుత్వ నోటిఫికేషనో అందాలి. లక్షల ఫిర్యాదుల్లో ఏది న్యాయమో ఏది కాదో తీర్పు చెప్పే పని కంపెనీది కాదని దాని సారాంశం.

అయితే అన్నిటికీ కోర్టు దాకా ఆగమంటే బాధితురాలు ఏమైపోవాలి? అందుకే 2021 ఫిబ్రవరి 25 నాటి నియమాల్లో ఒక మినహాయింపు పెట్టారు. ఒక వ్యక్తి నగ్నచిత్రాలు గాని, మార్చిన ఫొటోలు గాని పెట్టారని ఆ వ్యక్తి లేదా ఆమె తరఫువారు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తీసెయ్యాలన్నారు. కోర్టు ఉత్తర్వు అందితే 36 గంటలన్నారు. తర్వాతి సవరణల్లో గడువులు ఇంకా కుదించారు. తీసేసినదాన్ని, దర్యాప్తు కోసం, 180 రోజులు దాచిపెట్టాలని కూడా రాశారు. తీసెయ్యడమంటే చెరిపెయ్యడం కాదన్న సంగతి ఇక్కడ గమనించాలి. ఇక పిల్లల విషయంలో 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు మరీ స్పష్టంగా చెప్పింది. పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయని కంపెనీ 79వ సెక్షను గొడుగు కిందికి రాలేదు.

వాదం ఇంతటితో ముగియలేదు. ప్రభుత్వాధికారులు సహయోగ్ అనే పోర్టలు ద్వారా కంపెనీలకు నోటీసులు పంపే పద్ధతిని ఎక్స్ సంస్థ సవాలు చేసింది. 2025 సెప్టెంబరులో కర్ణాటక హైకోర్టు ఆ పిటిషనును కొట్టివేసింది. ఏ అధికారి మాట ‘ప్రభుత్వ నోటిఫికేషను’ అవుతుందన్నది మన తరం లాయర్లు వాదించవలసిన ప్రశ్న.

తొందర ఎక్కడ? నిదానం ఎక్కడ?

ఇంతవరకు చెప్పింది ఆపడం గురించి. ఆపడంలో తొందర మంచిదే. 2008 నవంబరు 11న కాలిఫోర్నియాలో మెకోలో అనే హోస్టింగు కంపెనీ ఉండేది. ప్రపంచంలోని దొంగ ఈమెయిళ్ళను నడిపించే మిషన్లు దానిలో ఉన్నాయి. వాషింగ్టన్ పోస్టు విలేకరి బ్రయన్ క్రెబ్స్ సేకరించిన సాక్ష్యాలు చూసి, దానికి తీగ ఇస్తున్న రెండు పెద్ద కంపెనీలు తీగ కోసేశాయి. ఒక్క రోజులో ప్రపంచంలో దొంగ ఈమెయిళ్ళు సగానికి పైగా తగ్గాయి. కోర్టు లేదు, పోలీసు లేదు. తీగ ఇచ్చినవాడు తలుచుకుంటే ఏం చేయగలడో లోకం చూసింది. కాని కొన్ని నెలల్లోనే ఆ ముఠాలు వేరేచోట గుడారం వేసుకున్నాయి, మెయిళ్ళు మళ్ళీ పెరిగాయి. తీగ కోయడం వల్ల నేరం ఆగింది గాని నేరస్థుడు దొరకలేదు. పైగా ఇదే పనిని రేపు ఒక పత్రికకో, సంఘానికో చేస్తే అడిగేవాడెవడు? మరుసటి ఏడాది జూన్‌లో 3ఎఫ్ఎన్ అనే అటువంటి కంపెనీని అమెరికా ప్రభుత్వ సంస్థ కోర్టు ఉత్తర్వు తెచ్చి మూయించింది. నాకు ఈ రెండో పద్ధతే నచ్చుతుంది. ఆలస్యమైనా కాగితం మీద కారణం ఉంది, జవాబు చెప్పుకునే చోటు ఉంది.

ఇహ పేరు చెప్పడం. ఇక్కడ తొందర పనికిరాదు. 2007 ఆగస్టులో బెంగుళూరులో ఒక యువ ఇంజనీరును పూనా పోలీసులు తెల్లవారకుండా తీసుకుపోయారు. శివాజీని అవమానించే బొమ్మ ఇంటర్నెట్టులో పెట్టాడని నేరం. ఫలానా ఐ.పి. అడ్రసు అతనిదేనని అతనికి కనెక్షను ఇచ్చిన కంపెనీ రాసిచ్చింది. ఆ వివరం తప్పు. ఆ అడ్రసు అతనిది కాదు. ఆ సంగతి తేలి బయటికి వచ్చేసరికి అతడు 50 రోజులు జైల్లో ఉన్నాడు. ఒక గుమాస్తా ఒక కాగితం మీద రాసిన ఒక పేరు – అంతే. దానిని మించిన సాక్ష్యం ఆ రోజు అక్కరలేకపోయింది.

ఎందుకిట్లా జరుగుతుందో సైన్సు విద్యార్థులకు బాగా తెలుసు. మిగతావారి కోసం చెబుతాను. పాతరకం ఐ.పి. అడ్రసులు ప్రపంచమంతా కలిపి దాదాపు 430 కోట్లు. మనుషులు, ఫోన్లు, టీవీలు అంతకంటే చాలా ఎక్కువ. అందుకని కంపెనీలు ఒక అడ్రసును వందలమందికి పంచి ఇస్తాయి. అపార్టుమెంటు డోరు నంబరు ఒక్కటే, లోపల ఫ్లాట్లు అనేకం అన్నట్టు. ఫ్లాటు నంబరువంటిదే పోర్టు నంబరు. ఆ నంబరూ, సెకన్లతో సహా సమయమూ ఉంటే తప్ప ఇల్లు తెలియదు. సమయంలో మరో మెలిక ఉంది. విదేశీ కంపెనీలు చాలావరకు అంతర్జాతీయ సమయంలో రాస్తాయి. మన గడియారం దానికంటే 5:30 గంటలు ముందుంటుంది. ఆ ఐదున్నర గంటలు కలపడం మరిచిపోతే, వేరే ఇంటి తలుపు తడతాం.

రికార్డులు దాచడం మీద నియమాలు లేకపోలేదు. లైసెన్సు షరతుల్లో ఈ గడువును 2021 డిసెంబరులో రెండేళ్ళకు పెంచారు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో లాగులు 180 రోజులు ఉంచాలన్నారు. పోలీసులు భారతీయ నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షను కింద రాతపూర్వకంగా అడిగితే రికార్డు ఇవ్వాలి. సంభాషణలు వినాలంటే మాత్రం అది చాలదు. 69వ సెక్షను కింద హోం కార్యదర్శి స్థాయి ఉత్తర్వు కావాలి. సరైన ఉత్తర్వు వచ్చాక సహకరించకపోతే ఏడేళ్ళ దాకా శిక్ష. అడిగే పద్ధతి ఉంది, ఇచ్చే పద్ధతి ఉంది. పాటించడమే లేదు.

మళ్ళీ మా బాబాయి దగ్గరికి

ఆ సాయంత్రం నేనూ బాబాయీ కూర్చుని ఒక కాగితం రాశాం. “మీరు ఇచ్చిన అడ్రసును ఆ సమయంలో 140 మంది వాడారు. ఒకరిని గుర్తించాలంటే పోర్టు నంబరు, సెకన్లతో సమయం, అది మన దేశపు సమయమో అంతర్జాతీయ సమయమో తెలియాలి. ఆ రోజు, దాని తర్వాతి రోజు రికార్డు విడిగా భద్రపరిచాం. రాతపూర్వకంగా అడిగిన వెంటనే ఇస్తాం.” కుర్రవాడి పేరు రాయలేదు. ఎస్.ఐ. గారు మొదట విసుక్కున్నారు. “పల్లెటూరి కేబులువాడికి ఇన్ని లా పాయింట్లా?” అన్నారట. తర్వాత ఆయనే ఆ సామాజిక మాధ్యమ కంపెనీకి మళ్ళీ రాశారు.

జవాబు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ మొదటి రోజుల్లో ఆ అమ్మాయి గడప దాటలేదని విన్నాం. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. జాగ్రత్త అన్న పేరుతో మేం ఆమెకు అన్యాయం చేస్తున్నామా? అప్పుడు తట్టింది – పేరు తెలిసేదాకా ఫొటోలు ఎందుకు ఉండాలి? వాళ్ళ ఇంట్లోవారు పోలీసుల దగ్గరికి పోయారు గాని కంపెనీకి ఫిర్యాదు చేయలేదు. అట్లా చేయవచ్చునని వారికి తెలియదు. నాలుగో రోజున మా పిన్ని వాళ్ళింటికి వెళ్ళి, అమ్మాయి చేతనే ఫిర్యాదు పెట్టించింది. మర్నాటికల్లా ఆ ఖాతా పోయింది.

తొమ్మిదో రోజున వచ్చిన జవాబులో పోర్టు నంబరు ఉంది. 10:40 అన్నది అంతర్జాతీయ సమయమే. మన లెక్కన అది మర్నాడు తెల్లవారుజామున 4:10. రికార్డులో ఒకే ఇల్లు తేలింది. ఎవరి ఇల్లో ఇక్కడ రాయడం మర్యాద కాదు. విషయం కోర్టులో ఉంది. బస్టాండు వెనక గదుల కుర్రవాడిది మాత్రం కాదు. అతను ఇప్పటికీ బాబాయి దగ్గరే కనెక్షను తీసుకుంటున్నాడు. తన పేరు ఎంత దగ్గరిదాకా వచ్చి పోయిందో అతనికి నేటికీ తెలియదు.

చివరగా

ఇంతకూ నా అభిప్రాయం ఇది. కస్టమరు చేసిన నేరానికి, తెలియనంతవరకూ, తీగ ఇచ్చినవాడు పూచీ కాడు. అట్లాగని అతని పని తీగ లాగడంతోనే తీరిపోదు. రికార్డు నిజాయితీగా దాచాలి. హాని జరుగుతున్నదని సరైన పద్ధతిలో తెలిసినప్పుడు, ఆదివారమైనా అర్ధరాత్రయినా, ఆపాలి. మనిషి పేరు చెప్పవలసి వచ్చినప్పుడు రెండుసార్లు సరిచూసుకోవాలి. ఆపడంలో తొందర, పేరు చెప్పడంలో నిదానం. మనవాళ్ళు చాలాచోట్ల దీనికి తలకిందులుగా చేస్తున్నారు. ఫొటో తీసెయ్యమంటే నెలలు, పేరు ఇవ్వమంటే నిమిషాలు!

విద్యార్థి మిత్రులకు ఒక చిన్న మనవి. మీకో, మీ తోటివారికో ఇటువంటిది జరిగితే సిగ్గుపడి ఊరుకోవద్దు. ఖాతా లింకు, తేదీ, సమయం, తెరమీది బొమ్మ భద్రపరచండి. ముందు ఆ కంపెనీకి, వెంటనే జాతీయ సైబర్ క్రైం పోర్టలుకు ఫిర్యాదు చేయండి. డబ్బు పోతే 1930కి ఫోను చేయండి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. అనుమానం ఉన్నవాడి పేరును హాస్టలు గోడలమీద గాని, వాట్సాప్ గ్రూపుల్లో గాని రాయవద్దు.

ఈ వ్యాసం చదివి వినిపిస్తే మా బాబాయి అంతా విని, “లా సంగతి సరేరా, ఈ నెల నుంచి ఆ మిషన్ల గడియారం సరిగ్గా ఉందో లేదో రోజూ చూడమని కుర్రాళ్ళకు చెప్పాను” అన్నాడు. పెద్ద పెద్ద తీర్పులు చదివి నేను రాసినదానికంటే ఆ మాటే ముందు పనికొస్తుందనుకుంటాను.